ఎనిమిది కాగితాల బొమ్మ

లీడ్స్‌లో హన్‌స్లెట్ పేటలో ఉన్న అచ్చు కార్ఖానాలో చేరేనాటికి నాకు పంతొమ్మిదేళ్లు. నాటకాల వాళ్లకు గోడపత్రికలు అచ్చువేసే కార్ఖానా అది. ఆరు ఆవిరి యంత్రాలు ఉండేవి. ఒక్కొక్క యంత్రం పక్కన మెట్టు మీద ఒక ఆడమనిషి నిలబడి, బొమ్మ గీసిన రాతిపలక వెళ్లి వచ్చే వేగానికి తగ్గట్టు కాగితం అందిస్తూ ఉండాలి. నాది నాలుగో యంత్రం. ఐదోది తిర్జా లమ్‌ది.

చేరిన పది రోజులకు కాబోలు, మధ్యాహ్నం రొట్టె తినే వేళ, మూడో యంత్రం దగ్గరి ఫీబీ నన్ను గేటు అవతలికి లాక్కెళ్లింది.

"అదుగో, ఆ గోడ మీద. ఎవరో చెప్పుకో చూద్దాం."

మనిషికి రెండింతల ఎత్తు బొమ్మ. మంచులో మోకాళ్ల మీద ఒక పడుచుపిల్ల. జుట్టు విరబోసుకుని ఉంది. చంకలో శాలువాలో చుట్టిన పసిబిడ్డ. ఎదురుగా మూసిన తలుపు. ఆ పిల్ల ఏడవడం లేదు. తలుపుకేసి చూస్తోంది, అంతే.

"ఎవరో నటి కదూ?"

"నటీ లేదు, గిటీ లేదు. మన తిర్జాయే."

నేను నమ్మలేదు. లోపల ఐదో యంత్రం దగ్గరున్న మనిషి జుట్టు నున్నగా దువ్వి, వెనక్కి లాగి ముడేసుకుని ఉంటుంది. ఇరవై ఏడేళ్లకే నుదుటి మీద గీతలు. పొద్దుట్నించి సాయంత్రం దాకా నాలుగు మాటలైనా మాట్లాడదు.

"మరి ఆ పాప ఎవరు?" అన్నాను.

ఫీబీ పకపకా నవ్వింది. "ఊరంతా అడిగిందే నువ్వూ అడిగావు. పోయి ఆవిడనే అడుగు, ఏమంటుందో."

నేను అడగలేదు. పక్కపక్కన నిలబడి పనిచేసిన కొద్దీ తనే చెప్పింది, ఈ వారం కొంచెం, మళ్లీ నెలకు కొంచెం. యంత్రాల రొదలో మాట వినపడదు కాబట్టి మా కార్ఖానాలో అందరం పెదవులు చూసి అర్థం చేసుకునేవాళ్లం. ఆమె కథలో సగం నేను చెవులతో వినలేదు.

ఆమె తండ్రి ఈనక్ లమ్. ఉన్నిబట్టకు నునుపు పెట్టే పనివాడు. మా పేట ప్రార్థనా మందిరంలో సంఘపెద్ద. భార్య పోయాక ఒక్కగానొక్క కూతుర్ని తనే పెంచాడు. ఆ సంఘానికి నాటకమంటే పాపం. నాటకశాల ఉన్న వీధిలోంచి నడవాల్సి వస్తే చుట్టు తిరిగి వెళ్లేవాళ్లు. అలాంటివాడు కూతుర్ని నాటకాల గోడపత్రికల కార్ఖానాకు ఎలా పంపాడని నేను అడిగాను.

"సబ్బుల డబ్బాలకు కాగితాలు కూడా అక్కడే వేస్తారుగా. నేను సబ్బు కాగితాలు వేస్తున్నాననే అనుకునేవాడు. నేనూ కాదని చెప్పలేదు," అంది తిర్జా.

ఆమెకు ఇరవై ఒకటో ఏడు నడుస్తుండగా, ఒక శనివారం, మధ్యాహ్నం పని ఆగాక, బొమ్మలు గీసే విండల్ గారు మెట్ల మీద ఎదురయ్యాడు. బక్కపలచని మనిషి, ఎప్పుడూ దగ్గుతుండేవాడు. నాటకాల కంపెనీ ఒకటి ఎనిమిది కాగితాలు అతికించే పెద్ద బొమ్మ అడిగిందట. బొమ్మకు నిలబడతానన్న అమ్మాయి రాలేదు. సోమవారానికల్లా రాయి సిద్ధం కావాలి.

"కాస్త సేపు మోకాళ్ల మీద కూచుంటావామ్మా? ముఖం వేరేది వేస్తాలే. నాక్కావలసింది ఒళ్లు వంగిన తీరు, గౌను మడతలు."

పాప కోసం చిత్తుకాగితాలు ఉండచుట్టి పాత శాలువాలో పెట్టి చంకకు అందించాడు. తలుపు బదులు బీరువా. జుట్టు విప్పమన్నాడు. విప్పింది.

"మూడు గంటలు పట్టింది," అని చెప్పింది నాకు. "మోకాళ్లు పడిపోయాయి. లేస్తానని ఒక్కసారి కూడా అనలేదు. ఎందుకో తెలుసా లవీనియా? అన్ని గంటలు నన్నొక మనిషి చూడటం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఆయన చూపులో ఇంకేం లేదు. బీరువాను చూసినట్టే చూశాడు. అయినా చూశాడుగా."

కాగితం మీద గీసుకుని రాతి మీదికి ఎక్కించే తీరిక విండల్ గారికి లేదు. నల్లకొవ్వు పెన్సిలుతో నేరుగా రాతి మీదే గీశాడు. రాతి మీద ఎలా ఉంటే అచ్చులో కుడిఎడమలు తిరగేసి పడుతుంది. తిర్జాకు ఎడమ కనుబొమ చివర ఒక మచ్చ ఉండేది, చిన్నప్పుడు నాన్న పనిచేసే బల్ల మూల తగిలి పడింది. అచ్చులో అది కుడి కనుబొమకు వెళ్లింది.

అచ్చు వేసింది ఎవరో కాదు, ఆమే. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. మొదట పసుపు రాయి, తరువాత ఎరుపు, తరువాత నీలం. అప్పటిదాకా ముఖం ఉన్నచోట రంగుల మరకలే. బుధవారం నాడు నలుపు రాయి ఎక్కించారు. ఎనిమిదింటిలో ముఖం పడే మూడో నంబరు కాగితం యంత్రంలోంచి బయటికి రాగానే అందులోంచి తన కళ్లు తననే చూశాయి.

యంత్రం ఆగగానే పైన విండల్ గారి గదికి పరుగెత్తింది.

"ముఖం మారుస్తానన్నారు కదండీ!"

విండల్ గారు తల దించుకున్నాడు. "మార్చానమ్మా. రెండుసార్లు చెరిపాను. చెయ్యి మళ్లీ అక్కడికే పోయింది. ఏం చెయ్యను? ఈ బొమ్మ ఎక్కడో సముద్రం ఒడ్డు ఊళ్లకు పోతుందిలే. లీడ్స్‌కు రాదు."

నాలుగు నెలలు రాలేదు. మార్చి నెలలో వచ్చింది. ఆ నాటకం పేరు 'వాకిట్లో మంచు'. గోడపత్రికలు అంటించేవాడికి మంచి గోడ దొరికితే చాలు, ఎదురుగా ఏముందో చూడడు. శనివారం సాయంత్రం మందిరానికి ఎదురుగా ఉన్న గిడ్డంగి గోడకు నిచ్చెన వేసి, జిగురు పూసి, ఎనిమిది కాగితాలూ అంటించి పోయాడు. ఆదివారం పొద్దున ఆరాధన ముగిసి, కీర్తన పుస్తకాలు చేతపట్టుకుని మూడువందలమంది బయటికి వచ్చేసరికి ఎదురుగా మంచులో తిర్జా మోకరిల్లి ఉంది.

ఎవరూ అరవలేదు. గుసగుసలు మాత్రం మెట్ల మీదినుంచి గేటు దాకా పాకాయి. ఈనక్ లమ్ వీధి మధ్యన ఆగి, టోపీ సర్దుకుని, పైనుంచి కిందిదాకా ఆ బొమ్మను చూశాడు. చూసి ఇంటిదారి పట్టాడు. కూతురు పది అడుగుల వెనక నడిచింది.

తిర్జాకు అప్పటికి సైలస్ పాగ్సన్‌తో పెళ్లి నిశ్చయమైంది. వడ్రంగి, నెమ్మదైన మనిషి. ఆ సాయంత్రం పెరటి గోడ దగ్గరికి వచ్చాడు.

"ఆ చేతిలోది ఏంటి తిర్జా?"

"చిత్తుకాగితాల ఉండ."

"నేను నమ్ముతాను. మా అమ్మ నమ్మదు." కాసేపు గోడ మీది నాచు గోళ్లతో గీకాడు. "చూడు, నేను దగ్గరికెళ్లి చూసొచ్చాను. దాని మచ్చ కుడివైపుంది. నీది ఎడమ. అది నువ్వు కాదని చెప్పెయ్. ఒక్క మాట. రేపు పెద్దలు అడిగినప్పుడు ఆ ఒక్క మాట అంటే అయిపోతుంది. అంతా సంతోషంగా ఊపిరి పీల్చుకుంటారు. మీ నాన్న అందరికంటే ముందు."

"అబద్ధం చెప్పమంటావా?"

"మచ్చ ఎటుందో చెప్పమంటున్నా. అది అబద్ధం కాదుగా?"

సోమవారం సంఘపెద్దలు ఏడుగురు మందిరం వెనక గదిలో కూర్చున్నారు. ఆ ఏడుగురిలో ఆమె తండ్రి ఒకడు. వాళ్లు చెడ్డవాళ్లు కారని తిర్జా ఎప్పుడూ అనేది. తప్పించుకునే దారి వాళ్లే చూపించారు. జాగర్ అనే పెద్దాయన గొంతు సవరించుకుని, "అమ్మాయ్, ఆ బొమ్మలో మచ్చ రెండోవైపు ఉందని కొందరు అంటున్నారు. అంటే ఎవరినో చూసి ఎవరో అనుకున్నామేమో. అంతే కదా?" అన్నాడు.

తండ్రి బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. తలెత్తలేదు గాని చెవులు ఆమె మాట మీదే ఉన్నాయి. కాదని ఒక్క మాట అంటే ఆ ముసలి చేతులు వదులవుతాయని ఆమెకు తెలుసు.

"అది నేనేనండీ," అంది. "రాతి మీద గీస్తే అచ్చులో తిరగేసి పడుతుంది. అది నేనే."

"బలవంతం చేశారా?"

"లేదండీ. కూచోమన్నారు, కూచున్నాను."

"పశ్చాత్తాపపడుతున్నావా?"

ఆమె ఆలోచించింది. నిజంగానే ఆలోచించానని నాతో అంది. "మీకు కష్టం కలిగినందుకు బాధగా ఉందండీ. కూచున్నందుకు కాదు."

సంఘం పుస్తకంలోంచి ఆమె పేరు తీసేయడానికి చేతులెత్తమన్నారు. ఏడు చేతులు లేచాయి. తండ్రిది చివర లేచింది.

ఎందుకు కాదనలేదని నేను ఒకటికి పదిసార్లు అడిగి ఉంటాను. ఒక్కసారే జవాబు చెప్పింది. "ఆ మూడు గంటలు నేను అక్కడ లేనని ఎలా చెప్పనే? నేను ఎక్కడైనా ఉన్నానంటే అక్కడే ఉన్నాను."

సైలస్ మళ్లీ గోడ దగ్గరికి రాలేదు. ఆ ఏడాదిలోనే బ్రాడ్‌ఫర్డ్ పిల్లను చేసుకుని అక్కడికే వెళ్లిపోయాడు. విండల్ గారు దగ్గు ముదిరి దక్షిణాదికి వెళ్లాడు. ఆ తరువాత ఆయన సంగతి తెలియదు.

నాటకాల్లో అయితే తండ్రి కూతుర్ని మంచులోకి గెంటేస్తాడు. ఈనక్ లమ్ గెంటలేదు. ఇంటి తలుపు ఎప్పటిలాగే తీసి ఉంచాడు. బొగ్గులు తెచ్చి పోశాడు. ఆదివారం గొర్రెమాంసం కోసి, మెత్తటి ముక్క ఎప్పటిలాగే ఆమె పళ్లెంలోనే వేశాడు. కాకపోతే ఆమెతో మాట్లాడటం మానేశాడు. పెద్దల ముందు నిలబడిన ఆ సోమవారం నుంచి ఒక్క ముక్క లేదు. టీ కావాలంటే కప్పు ముందుకు జరిపేవాడు. ఏదైనా కొనాలంటే పలక మీద రాసి పొయ్యి పక్కన ఆనించి పెట్టేవాడు. రోజూ భోజనం ముందు, పడుకునే ముందు పైకి ప్రార్థన చేసేవాడు. తండ్రి గొంతు ఆమెకు వినిపించేది ఆయన దేవుడితో మాట్లాడేటప్పుడే. అందుకని ఆ ప్రార్థనల్లో ఒక్కటి కూడా ఆమె తప్పిపోనివ్వలేదు. అంతకుముందు 'నా కూతురిని కాపాడు' అనేవాడు. తరువాత 'ఈ ఇంట్లో ఉన్నవాళ్లను' అనేవాడు.

పదకొండేళ్లు అలా గడిచాయి. అటు మందిరం వాళ్లు పలకరించరు. ఇటు కార్ఖానాలో కొందరికి ఆమె వేళాకోళం, కొందరికి భయం. పాప ఎక్కడో పల్లెటూళ్లో పెరుగుతోందని చెప్పుకునేవాళ్లు ఉండేవాళ్లు. ఆ పాపకు పేరు కూడా పెట్టారు.

ఇక ఆ బొమ్మ సంగతి. 'వాకిట్లో మంచు' రెండేళ్లకే అడుగంటింది గాని బొమ్మ అడుగంటలేదు. మా యజమాని రాళ్లు దాచి ఉంచాడు. పైన పేరు రాసే చోటు ఖాళీ వదిలి అచ్చువేసి, ఏ కంపెనీ అడిగితే వాళ్లకు అమ్మేవాడు. ఒక ఏడు 'శపించిన ఇల్లు' అని వచ్చేది. ఇంకో ఏడు 'మిల్లు యజమాని కోడలు' అని. ఊళ్లో కొత్త పేరు, గోడ మీద అదే తిర్జా. ఏడాదికోసారి ఆ రాళ్లు ఐదో యంత్రం మీదికి వచ్చేవి. తన ఇరవై ఏళ్లనాటి ముఖాన్ని తనే కాగితం పెట్టి, వందల కొద్దీ అచ్చువేసి, ఆరబెట్టే తీగల మీదికి పంపేది. మొదట్లో కళ్లు తిప్పుకునేదట. నేను చేరేసరికి తిప్పుకునేది కాదు. నల్లరంగు ఎక్కువైతే ఆపి, "కళ్లు మసకబారుతున్నాయి, సిరా తగ్గించండి," అని మిషను అతనికి చెప్పేది.

నేను చేరిన రెండేళ్లకు, ఒక గురువారం, మేస్త్రీ వెంట ఒకావిడ యంత్రాల మధ్యకు వచ్చింది. నలభై అయిదు దాటి ఉంటాయి. మంచి ఒళ్లు. టోపీ మీద పిట్ట ఈకలు, చేతిలో గొడుగు. అడిలా ట్రెంట్ అని, ఊరూరా తిరిగే నాటకాల కంపెనీలో నాయిక ఆవిడే. కంపెనీ ఆవిడ మొగుడిది. బొమ్మ మార్చమని బేరమాడటానికి వచ్చింది.

"ఊరూరా ఇదే గోల నాకు!" అంటోంది, యంత్రాల రొదను మించిన గొంతుతో. "తెర లేవగానే పై వరసలనించి కేకలు. 'గోడ మీది పిల్లేదీ? నీ మనవరాలా?' అని. బొమ్మలోదాని నడుము చూశారా మేస్త్రీ గారూ, నా చెయ్యంత ఉంది! కాస్త ఒళ్లున్న బొమ్మ గియ్యండయ్యా, ధర్మంగా."

అంతలో ఐదో యంత్రం మీద చూపు పడి ఆగిపోయింది. దగ్గరికొచ్చింది. మెట్టు మీదున్న తిర్జాను తలెత్తి చూసింది. గొడుగు చివరతో గాలిలో కనుబొమ దగ్గర చిన్న గీత గీసింది.

"నువ్వే కదుటే! మచ్చ అటునించి ఇటొచ్చిందేం తల్లీ?"

తిర్జా యంత్రం ఆపింది. ఎనిమిదేళ్లలో మొదటిసారి ఎవరో నవ్వుతూ అడిగారు. "రాతి మీద గీస్తే అచ్చులో తిరగేసి పడుతుందండీ," అంది.

"పడితే పడిందిలే. నీ పుణ్యమా అని నేను మూడేళ్లుగా మంచులో తడుస్తున్నాను తెలుసా? మా నాటకంలో మంచే లేదమ్మా! జాలర్ల కథ, ఎండాకాలం. ఈ బొమ్మ చవగ్గా వచ్చిందని మా ఆయన నాలుగొందలు కొనేశాడు. కొన్నాక మంచు కురిపించక చస్తామా? చంటిపిల్లను పెట్టక చస్తామా? రెండో అంకం మొత్తం తిరగరాశాం. ఇప్పుడు జనం ఆ అంకానికే వస్తున్నారు." కాస్త గొంతు తగ్గించింది. "ఎప్పుడైనా చూశావా?"

"నాటకశాలలోకి ఎప్పుడూ వెళ్లలేదండీ."

"ఏ నాటకమూ? అయ్యో నా తల్లీ! శనివారం మధ్యాహ్నం ఆట ఉంది. నా పేరు చెప్పి లోపలికి రా. ఈ పిల్లనూ తీసుకురా," అని నన్ను చూపించింది.

వస్తుందని నేను అనుకోలేదు. శనివారం పని ఆగాక మొహం కడుక్కుని, పాత నల్లగౌను దులుపుకుని వచ్చింది. పై వరసలో కూర్చున్నాం. నారింజ తొక్కల వాసన, గ్యాసు దీపాల వేడి. తిర్జా చేతులు ఒళ్లో పెట్టుకుని, మందిరంలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంది.

రెండో అంకంలో చిత్తుకాగితాల మంచు కురిసింది. అడిలా ట్రెంట్ జుట్టు విరబోసుకుని, పాపను ఎత్తుకుని వచ్చి మోకాళ్ల మీద పడింది. పడేటప్పుడు చెక్కలు కిర్రుమంటే ఎవరో నవ్వారు గాని, తరువాత ఎవరూ నవ్వలేదు. "నాన్నా! ఒక్కసారి తలుపు తియ్యి నాన్నా!" అంటూ తలుపు బాదింది. చుట్టూ అంతా ఏడుపులు. కింది బల్లల్లో ఒక ముసలావిడ చేతిరుమాలు నోట్లో కుక్కుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడుస్తోంది. తిర్జా నా మోచెయ్యి పట్టుకుని అటు చూపించింది. ఆవిడ సైలస్ తల్లి.

తిర్జా కంట ఒక్క చుక్క రాలేదు. మూడో అంకంలో తండ్రి తలుపు తీసి కూతుర్ని గుండెలకు హత్తుకున్నప్పుడు కూడా అలాగే చూస్తూ ఉండిపోయింది.

బయటికి వస్తుంటే గుమ్మం దగ్గర పాగ్సన్ ముసలావిడకు సరిగ్గా ఎదురుపడ్డాం. ఆవిడ ముక్కు ఎర్రగా ఉంది. తిర్జాను చూడగానే రుమాలు దాచుకుంది.

"నువ్వా! నేను... మా చెల్లెలి కూతురు లాక్కొచ్చిందమ్మాయ్. నేనెప్పుడూ రాను. మందిరంలో ఎవరితోనూ అనవు కదూ?"

"అక్కడ నాతో ఎవరు మాట్లాడతారండీ, నేను అనడానికి?"

ఆవిడ గబగబా జనంలో కలిసిపోయింది.

ఇద్దరం వంతెన దాటాం. ఆపైన తిర్జా అంది: "ఆవిడ బాగా కొట్టింది తలుపు. మూసిన తలుపైతే కొట్టొచ్చు లవీనియా. మా ఇంటి తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. ఏం కొట్టను?"

ఇంకో మూడేళ్లకు, ఒక జనవరి ఆదివారం, సాయంత్రం టీ తాగాక, గోడ గడియారానికి తాళం తిప్పడానికి ఆమె కుర్చీ లాక్కుని ఎక్కబోయింది.

"అది వద్దు. కాలు వదులుగా ఉంది," అన్నాడు తండ్రి.

ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆ మాట ఎగిరిపోతుందేమోనని భయం వేసిందట. "సరే నాన్నా," అని ఇంకో కుర్చీ లాక్కుని ఎక్కింది. తాళం తిప్పుతూనే ఉంది, ఇక తిరగనని మొరాయించేదాకా.

ఆ రాత్రే ఆయన కుర్చీ కాలు బిగించాడు. ఆ తరువాత కాస్త కాస్త మాట్లాడేవాడు, బొగ్గు గురించి, పొగమంచు గురించి, మోకాళ్ల నొప్పి గురించి. పదకొండేళ్లు వాడని మాటలు కదా, ఇద్దరికీ తడబాటే. ఒకరు మొదలుపెడితే రెండోవాళ్లు కంగారుపడి ముగించేవాళ్లు. బొమ్మ మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

ఆయనకు చూపు మందగించింది. మరుసటేడు చలికాలానికి మంచాన పడ్డాడు. పోయేముందు వారం, దిండు సర్దడానికి ఆమె వంగితే, చెయ్యెత్తి ఆమె ముఖం తడిమాడు. వేళ్లు నెమ్మదిగా ఎడమ కనుబొమ చివరికి వెళ్లి మచ్చ దగ్గర ఆగాయి.

"ఎడమవైపు," అన్నాడు.

"అవును నాన్నా."

"ఎడమవైపే."

"ఎడమవైపే నాన్నా."

ఆయన అలా తేలిగ్గా నిట్టూర్చడం తల్లి పోయాక ఎన్నడూ వినలేదని తిర్జా చెప్పింది. పెద్దల ముందు చెప్పని మాట అప్పుడు చెప్పినట్టయిందా అని అడిగాను. ఆమెకు కోపం వచ్చింది. "నేనేం చెప్పాను? ఉన్నది చెప్పాను. ఆయనకు ఏం కావాలో అది తీసుకున్నాడు. తీసుకోనీ," అంది.

తండ్రి పోయాక మందిరానికి కొత్తగా వచ్చిన పాస్టరు ఇంటికి వచ్చి, మళ్లీ సంఘంలో చేరమని పిలిచాడు. ఎందుకు తీసేశారో ఆయనకు సరిగ్గా తెలియదు. పుస్తకంలో కారణం రాసి లేదు. ఒక ఆదివారం వెళ్లి వెనక బల్ల మీద కూర్చుంది. చుట్టూ ఉన్న పడుచువాళ్లు ఆమెనెవరో కొత్త మనిషి అనుకుని చిరునవ్వు నవ్వి కీర్తన పుస్తకం అందించారు. మళ్లీ వెళ్లలేదు. కోపం వచ్చి మానలేదు. అంత జరిగి, దాన్ని గుర్తుపెట్టుకున్నది తనొక్కతే మిగిలిందని తట్టుకోలేకపోయింది.

పద్ధెనిమిది వందల తొంభై నాలుగులో మా యజమాని పాతరాళ్లన్నీ అరగదీయించాడు. జనానికి ఇప్పుడు మంచు, పాపలు పట్టడం లేదు. రైళ్లు గుద్దుకోవాలి, ఇళ్లు తగలబడాలి. మేస్త్రీ ఐదో యంత్రం దగ్గరికి వచ్చి, "తిర్జా, నీ రాళ్లు ఈ మధ్యాహ్నం పోతాయి. కావాలంటే చివరిగా ఒక బొమ్మ తీసిస్తాను," అన్నాడు. మంచి మనసుతోనే అడిగాడు.

"ఎక్కడ పెట్టుకోనండీ? ఎనిమిది కాగితాల బొమ్మ. మా ఇంట్లో అంత గోడ లేదు."

మూడో నంబరు రాతి మీద ఇసుక, నీళ్లు పోసి, దానిమీద ఇంకో రాయి పెట్టి ఇద్దరు గుండ్రంగా తిప్పుతుంటే కాసేపు నిలబడి చూసింది. బూడిదరంగు బురద అంచుల వెంట కారింది. అరగంటలో రాయి నున్నగా, తెల్లగా తేలింది. మధ్యాహ్నం గంట కొట్టగానే వచ్చి యంత్రం ఎక్కింది. ఆ రోజు సబ్బు కాగితాలు.

నేను పెళ్లి చేసుకుని హడర్స్‌ఫీల్డ్ వెళ్లాక ఉత్తరాలు రాసుకునేవాళ్లం. ప్రతి శనివారం ఒక్కతే నాటకానికి వెళ్లి, పై వరసలో కూర్చుని వచ్చేది. ఉత్తరాల నిండా నాటకాలే. నాయిక ఎలా ఏడ్చిందో రాసేది. తను ఎలా ఉందో రాసేది కాదు. అడిగితే, 'బాగానే ఉన్నాను, దగ్గు తగ్గింది' అని చివర ఒక్క వరస.

ఆమెకు యాభై దాటాక ఒకసారి చూడటానికి వెళ్లాను. టీకి బిస్కెట్లు కొందామని బజారుకు వెళ్లాం. మలుపులో గోడపత్రికలు అంటించేవాడు నిచ్చెన మీద ఉన్నాడు. తగలబడుతున్న ఓడ బొమ్మ. తిర్జా ఆగింది.

"ఏమయ్యా, ఐదో కాగితం అరంగుళం పక్కకు పోయింది. ఓడ విరిగినట్టుంది."

"విరిగితే మునుగుతుందిలే ముసలమ్మా. నీకేం తెలుసు?"

"ముప్పై రెండేళ్లు కాగితం పెట్టినదాన్ని. తడి ఆరకముందే లాగు."

వాడు గొణుక్కుంటూ లాగి సరిచేశాడు. ఓడ అతుక్కుంది. మిగతా మూడు కాగితాలూ పూర్తయ్యేదాకా ఆమె అక్కడే నిలబడింది. పడమటి గాలి ఈడ్చికొడుతోంది. నా రైలుకు వేళవుతోందని చెప్పినా కదల్లేదు.

స్టేషను దాకా వచ్చింది. బిస్కెట్ల పొట్లం తెరవనేలేదు, నా చేతిలో పెట్టి పిల్లలకిమ్మంది. బండి కదిలాక కిటికీలోంచి చూశాను. చెయ్యి ఊపే అలవాటు ఆమెకు లేదు. వెనక్కి తిరిగి, శాలువా తలమీదికి లాక్కుని, మెట్ల వైపు నడుస్తోంది. శనివారం కాదది, మంగళవారం. ఇంటికే వెళ్లి ఉంటుంది.